పైపూత మందూ, పందెం పుంజూ

2003 జూన్‌లో నన్ను విజయనగరం వైపు నుంచి ఏజెన్సీకి బదిలీ చేశారు. హోదా ఫార్మసిస్టు గ్రేడ్ టూ. చేరవలసిన చోటు, అరకు దాటాక జీపులో ఇంకో గంటన్నర కొండ ఎక్కితే వచ్చే మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి. ఊరి పేరు రాయను. ఇందులో జరిగిన పొరపాటు నాది, దానికి ఊరి పేరు చెడగొట్టడం ఎందుకు?

నా గురించి ముందుగా రెండు విషయాలు చెప్పుకోవాలి. ఒకటి, నాకు పద్ధతి పిచ్చి. నా స్టాకు రిజిస్టరులో కొట్టివేత ఒక్కటి కనబడితే ఆ పూట అన్నం సహించేది కాదు. రెండోది, నాకు నవ్వు ఆగదు. నవ్వకూడని చోట మరీ ఆగదు. పై అధికారి కోప్పడుతుంటే, ఎవరైనా గంభీరంగా ఉపన్యాసం ఇస్తుంటే, లోపల ఎక్కడో మొదలై భుజాలు ఊగడం దాకా వచ్చేస్తుంది. ఉద్యోగమంతా పెన్ను మూతలు కొరికి నెట్టుకొచ్చాను. ఈ రెండు గుణాలూ ఒకేసారి పరీక్షకు నిలబడిన సంగతి ఇది.

ఫార్మసిస్టు అంటే కిటికీలోంచి మాత్రలు అందించే మనిషి అనుకుంటారు. అందించడం ఆఖరి పని. అంతకు ముందు కావలసిన సరుకుకు ఇండెంటు పెట్టాలి, వచ్చిన సరుకు గడువు తేదీలు చూసి సర్దాలి, డాక్టరు రాసిన చీటీ చదివి ఒక మందుకీ ఇంకో మందుకీ పొసగనిది ఏమైనా ఉందేమో చూడాలి. నా గదిలో రెండు బీరువాలు ఉండేవి. ఒకదాంట్లో మింగే మందులు, రెండోదాంట్లో పైపూత మందులు. పైపూత వాటికి బయట వాడకానికి మాత్రమే అని ఎర్రచీటీ అంటించి ఉంటుంది. మందుల మధ్య తగాదా అనగానే నా కళ్లు మొదటి బీరువా వైపే వెళ్లేవి. రెండో బీరువాలో ఉన్నవి చర్మం మీదే ఉండిపోయే అమాయకపు మందులని నా లెక్క.

ఆ ఏడాదికి క్షయ మందులు కళ్ల ముందు మింగించే పద్ధతి మా కొండల్లోకి వచ్చింది. రోగి పేరు రాసిన అట్టపెట్టె ఒకటి, పూర్తి కోర్సు మందులు అందులోనే ఉంటాయి. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, రోగి వచ్చి మా ఎదుట మింగాలి. తర్వాతి నాలుగు నెలలు వారానికి ఒకసారి వస్తే చాలు. ఆ వారపు మొదటి మోతాదు మా ముందు వేసుకుని, మిగతావి ఇంట్లో వేసుకుని, మాత్రల ఖాళీ పట్టీ తెచ్చి చూపించాలి. ఆ పట్టీల్లో ఎర్ర క్యాప్సూల్ ఒకటి ఉంటుంది, రిఫాంపిసిన్. అది వేసుకున్న వాళ్లకి మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే హడలిపోతారు. రోగి ఒక్క రోజు రాకపోయినా మర్నాటికల్లా మేమే వెతుక్కుంటూ వెళ్లి మందు వేయించాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడి, మందులకు లొంగని రకంగా వస్తుంది. అందుకే అంత పట్టుదల.

సెప్టెంబరు ఆఖరులో వంతల సుకురమ్మ పేరుతో పెట్టె తెరిచాను. నలభై ఒక్కేళ్ల మనిషి, కాఫీ తోట పని, గట్టి పిండం. ఆమె భర్త బలరాం సిల్వర్ ఓక్ చెట్లెక్కి మిరియాలు కోసేవాడు. పిల్లల్లేరు. కార్డు నింపుతూ నేను అడగవలసిన ప్రశ్నలన్నీ వరుసగా అడిగాను. ఇంకేమైనా మాత్రలు మింగుతున్నావా అన్న ప్రశ్న దగ్గర, రిఫాంపిసిన్ పడితే కుటుంబ నియంత్రణ మాత్రలు పనిచేయకుండా పోతాయన్న సంగతి గుర్తుంచుకుని, ఆ మాత్రలు వాడుతున్నావా అని విడిగా కూడా అడిగాను. లేదంది. ముందటేడు విశాఖపట్నంలో ఆపరేషన్ అయిందని, కడుపులో గడ్డలు తీసేశారని చెప్పింది. మాత్రలు లేవు అని రాసి, నా జాగ్రత్తకు నేనే మెచ్చుకుని కార్డు మూసేశాను.

నవంబరు రెండో వారంలో, గురువారం సంత రోజున, బలరాం నా కిటికీ దగ్గరకొచ్చాడు. ఓపీ చీటీలు రాసే గుమాస్తా సెలవులో ఉండడంతో ఆ పని కూడా నాకే పడింది. బలరాం మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“మునసబుకి ఒంట్లో బాగోనేదమ్మా. నెల్లాళ్లవుతంది. తిండి సరిగ్గా తినడు. ఎవుళ్ల మీదకీ ఎల్లడు. ఆడోళ్ల మజ్జిన ముడుసుకుని కూకుంటన్నాడు” అన్నాడు.

మునసబులు పోయి ఇరవై ఏళ్లవుతున్నా ఆ కుటుంబాల పెద్దల్ని ఇంకా అలాగే పిలిచేవారు. దిగులు జబ్బేమో అనుకుంటూ చీటీ మీద పేరు రాసి, వయసెంత అని అడిగాను. రెండేళ్లు నిండాయన్నాడు. నేను రెండు అని రాసి, ఆగి, అతని మొహంలోకి చూశాను.

“ముందైతే తెల్లారగట్ల మూడు కొండలకి ఇనపడీలాగ కూసీవోడమ్మా. ఇప్పుడు కూతే నేదు” అన్నాడు బలరాం.

పెన్ను మూత దొరకలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని పశువుల ఆసుపత్రి ఎటో చేత్తో చూపించాను. అక్కడికి వెళ్లొచ్చానని, ఆ డాక్టరు పుంజును తిప్పి తిప్పి చూసి, ఇది మొదట్నుంచీ పుంజేనా అని అడిగాడని, ఆ మాటకు తనకు మనసు విరిగిపోయిందని చెప్పాడు. ఇక్కడ పాఠకులకు ఒక మాట. నేను ప్రభుత్వ ఉద్యోగిని గనుక మునసబు ఏ పని చేసి పేరు తెచ్చుకున్నాడో నాకు తెలియదు. సంత ముగిశాక కొండవాలున గుంపు కూడడం మాత్రం దూరం నుంచి చూశాను.

వెళ్తూ వెళ్తూ బలరాం ఇంకో మాట అన్నాడు. పెళ్లాం ఆసుపత్రి మాత్రలు మొదలుపెట్టాకే మునసబు ఇలా అయ్యాడట. నాకు అది పట్టించుకోదగ్గ మాట అనిపించలేదు. రోగి పెళ్లాం, దిగజారింది పుంజు, నా మందులకేమిటి సంబంధం?

ఆ మర్నాడు సుకురమ్మ మామూలుగానే వచ్చి ఇరవై ఒకటో మోతాదు వేసుకుంది. సోమవారం రాలేదు. ఇంకో మూడు మోతాదులు అయితే మొదటి విడత పూర్తవుతుంది. నిబంధన ప్రకారం మంగళవారం పొద్దున్నే పట్టీ సంచిలో వేసుకుని షేరు జీపెక్కాను. డ్రైవరు ఒళ్లో తప్ప అన్ని చోట్లా మనుషులున్నారు. దిగాక రెండు కిలోమీటర్లు నడక. మంచుకి రెండు బారల దూరంలో దారి కనబడడం లేదు. ఎదురొచ్చిన వాళ్లంతా దుప్పట్లు కప్పుకుని కళ్లు మాత్రమే బయట పెట్టుకున్నారు.

ఆ చలిలో సుకురమ్మ తన గుమ్మం ముందు రాతి మీద కూర్చుని, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, అడ్డాకుల విస్తరితో విసురుకుంటోంది. చెక్కిళ్లు ఎర్రగా ఉన్నాయి, మెడ మీద చెమట కారుతోంది. నేను స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వణుకుతూ ఆమె ఎదుట నిలబడ్డాను. ఒకే వాకిట్లో ఆమెకు వేసవి, నాకు మాఘం. నవ్వు మెడ దాకా వచ్చింది కాని ఆమె చూపు చూసి మింగేశాను.

“ఆ ఎర్రగొట్టం నానింక ఎయ్యను మేడమ్మా. అది కడుపులోకెల్లిన కాడ్నించీ ఒళ్లు కుంపటైపోతంది. కంటికి కునుకు నేదు. దగ్గు తగ్గింది, నిజమే. దీనికంటే దగ్గే నయం” అంది.

ఇదీ అసలు ప్రమాదం. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది, జబ్బు పోయిందనే అనుకుంటుంది. కానీ లోపల క్రిములు పూర్తిగా చావడానికి ఇంకా నాలుగు నెలల పైచిలుకు మందు ఉంది. ఇప్పుడు మానేస్తే ఏడాది తిరక్కుండా మంచం పడుతుంది, పక్కనున్న బలరాంకు అంటిస్తుంది. బతిమాలాను, బెదిరించాను, పట్టీ చూపించి ఎన్ని మిగిలాయో చెప్పాను. ఆమె విసురుకోవడం ఆపలేదు. ఆ మందుతో ఒళ్లు వేడెక్కడం నేను ఎక్కడా చదవలేదు, ఎవరి దగ్గరా వినలేదు. వేడి ఎలా వస్తుందో చెప్పమన్నాను. ఛాతీలో మొదలై మొహంలోకి ఆవిరి ఎగదన్నినట్టు వస్తుందని, కాసేపటికి చెమట పోసి దిగిపోతుందని, రోజుకు పది పదిహేను సార్లని చెప్పింది. ఆపరేషన్ అయిన కొత్తలో ఇలాగే ఉండేదట.

అప్పుడు అడిగాను, ఆపరేషన్‌లో గడ్డలతో పాటు ఇంకేం తీశారని. ఆమె లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో మడత పెట్టిన కాగితం తెచ్చింది. గర్భసంచి, రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసి ఉంది. అండాశయాలు పోతే ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. ముట్లుడిగిన వాళ్లకు నెమ్మదిగా వచ్చే వేడి ఆవిర్లు వీళ్లకు ముంచుకొస్తాయి. కాగితం కింద డాక్టరమ్మ రాసిన మందు ఉంది. ఈస్ట్రోజన్ జెల్, రోజుకు ఒక కొలత, చర్మానికి పూయాలి.

నాకు చెప్పలేదేం అని గట్టిగానే అడిగాను.

“నువ్వడగనేదు. మింగీ మాత్రలేటైనా ఉన్నాయా అన్నావు. ఇది మింగీది కాదు గదా, రాసీది” అంది సుకురమ్మ.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. జెల్ రాసినంత కాలం ఆవిర్లు పూర్తిగా పోయాయట. క్షయ మాత్రలు మొదలైన మూడో వారం నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఒక కొలత చాలడం లేదేమోనని రెండు రాసింది. తర్వాత మూడు. ఇప్పుడు నాలుగు రాస్తున్నా ఫలితం లేదు. ఆ జెల్ ఏమైనా చెడిపోయిందేమోనని ట్యూబు తెప్పించి చూశాను. గడువుంది, రంగు మారలేదు, వాసన మారలేదు.

నేను ట్యూబు తిప్పుతుండగా మునసబు వచ్చాడు. బలరాం చెప్పిన వర్ణనలో అతిశయోక్తి లేదు. మంచి ఎత్తు, వెడల్పాటి ఛాతీ, కాలికి వేలెడు ముల్లు. కానీ నెత్తి మీది ఎర్ర జుట్టు కుంచించుకుపోయి పాలిపోయింది. మెడ మీద, తొడల మీద పందెం కోసం పీకేసిన చోట కొత్త ఈకలు వచ్చాయి. పుంజు మెడ ఈకలు సూదిగా, మెరుస్తూ ఉంటాయి. ఇవి గుండ్రంగా, మెత్తగా, అచ్చం పెట్ట ఈకల్లా ఉన్నాయి. పక్కింటి పుంజు ఒకటి వచ్చి రెక్క విదిలిస్తే మునసబు మర్యాదగా పక్కకు తప్పుకుని, పెట్టల మధ్యకు వెళ్లి కూర్చున్నాడు. బలరాం అటు చూడలేక మొహం తిప్పేసుకున్నాడు.

నాలుగు కొలతలంటే చాలా జెల్. అంతా ఒంటికి పడుతుందా అని సుకురమ్మని అడిగాను.

“ఎక్కడ పడతాది. సేతులకి సగం మిగిలిపోతాది” అంది.

మరి ఆ మిగిలింది ఏం చేస్తున్నావన్నాను.

“మునసబుకి రాసేత్తన్నాను. సల్లగుంటాది గదా, ఆడికీ దెబ్బలున్నాయి. సేతికంటిన మందు నీల్లపాలు సెయ్యడమెందుకు. మా ఇంట్లో నూనైనా అంతే, మనం రాసుకోగా మిగిల్నది జీవాలకి రాత్తాం.”

పొద్దున్నే పుంజును ఒళ్లో పెట్టుకుని, ఈకలు పీకిన మెడకీ తొడలకీ అరచేతులతో మర్దన చేయడం ఆమె పనేనట. బలరాం చేతులు చెట్లెక్కి మొద్దుబారిపోయాయి, మెత్తగా రుద్దలేవు. అలా నెల రోజులకు పైగా, రోజూ, విశాఖపట్నం స్పెషలిస్టు రాసిన ఆడవాళ్ల హార్మోను మునసబుకు చర్మంలో ఇంకేలా పట్టిస్తోంది.

నేను ఆ రాతి మీద కూలబడ్డాను. కొంగు లేదు, పెన్ను మూత లేదు, ఏదీ ఆపలేదు. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారి, ఊపిరాడక, మునసబు వైపు చూసినప్పుడల్లా మళ్లీ మొదలై, ఎంతసేపు నవ్వానో తెలియదు. బలరాం నాకు గాలి సోకిందేమోనని మంచినీళ్లు తెచ్చాడు. సుకురమ్మ తన విస్తరితో నాకు విసరడం మొదలుపెట్టింది. మా నలుగురిలో ఒక్క మునసబే గాంభీర్యం నిలుపుకున్నాడు.

నీళ్లు తాగాక బుర్ర పనిచేసింది. ఒకే ట్యూబు, ఒకే చేతులు. మునసబుకు అంటిన మిగులుతో వాడి మగతనం మొత్తం మాయమైంది. అంటే మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అదే మందు నాలుగింతలు రాసుకున్న సుకురమ్మకు ఆవిరి కూడా ఆగడం లేదు. ఈ ఇద్దరికీ తేడా ఎక్కడుంది? ఆడామగా తేడా కాదు, మనిషి పక్షి తేడా కూడా కాదనిపించింది. సుకురమ్మ క్షయ మందు మింగుతోంది. మునసబు మింగడం లేదు.

అంతే. రిఫాంపిసిన్ కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే రసాయనాల్ని ఎక్కువ చేస్తుంది. అందుకే కుటుంబ నియంత్రణ మాత్రలు దాని ముందు నిలవవు. ఆ మాత్రల్లో ఉండేదీ ఈస్ట్రోజన్ జాతిదే. చర్మం ద్వారా వెళ్లే హార్మోను మొదటి విడత కాలేయాన్ని తప్పించుకున్న మాట నిజమే కాని, నెత్తుట్లో కలిశాక తిరుగుతూ తిరుగుతూ అక్కడికే చేరాలి. దారి వేరైనా గమ్యం ఒకటే. పదిహేనేళ్లుగా మాత్రల గురించి అందరికీ పాఠం చెప్పిన నేను, ఎర్రచీటీ చూసి పైపూత మందును లెక్కలోంచి తీసేశాను.

సుకురమ్మకు అర్థమయ్యేలా చెప్పాను. ఎర్రగొట్టం వచ్చాక నీ కడుపులో పనోళ్లు ఎక్కువయ్యారు, నువ్వు రాసుకున్న మందు ఒంట్లోకి వచ్చీ రాగానే ఊడ్చి పారేస్తున్నారు, మునసబు కడుపులో ఆ పనోళ్లు లేరు గనుక మందంతా వాడికే దక్కింది అన్నాను. వేడి పుట్టించింది ఎర్రగొట్టం కాదు, చల్లబరిచే మందును అది తినేస్తోంది. ఆమె విస్తరి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, నేను చెప్పేది నిజమైతే మునసబుకు జెల్ రాయడం మానేస్తే వాడు మళ్లీ పుంజు కావాలి కదా అంది. కావాలన్నాను. కాకపోతే అంది.

అక్కడ పందెం పడింది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే నిబంధనలకు దూరమైన పని చెయ్యలేదు. ఆరు సంతల గడువు. అప్పటిదాకా ఆమె క్షయ మందు ఒక్క మోతాదు మానకూడదు. ఈలోగా మునసబు కూస్తే కోర్సు చివరిదాకా వేసుకోవాలి. కూయకపోతే ఆమె ఇష్టం, నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదు. బలరాం సాక్షి. ఆమె నా ఎదుటే ఇరవై రెండో మోతాదు మింగింది.

వెనక్కి వచ్చి మెడికల్ ఆఫీసరుకు రిపోర్టు చేశాను. ఆయన వయసులో నాకంటే చిన్నవాడు, ఏ మాటకైనా ఆధారం అడిగే మనిషి. రిఫాంపిసిన్‌కీ జెల్‌కీ పడడం లేదన్న దానికి ఆధారం ఏమిటి మేడం అన్నాడు. పుంజు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొత్తం విన్నాక లావుపాటి పుస్తకం తీసి, నవ్వుకుంటూ పేజీలు తిప్పాడు. రిఫాంపిసిన్ వల్ల పలచబడే మందుల్లో ఈస్ట్రోజన్ ఉంది. మింగితేనే అని ఎక్కడా లేదు. ఇద్దరం ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లి విశాఖపట్నం డాక్టరమ్మకు ఫోను చేశాం. మా సారు పుంజు దగ్గరకు వచ్చేసరికి ఫోనులో ఆవిడ నవ్వు బూత్ బయట నిలబడ్డ నాకు వినిపించింది.

నవ్వు అయ్యాక ఆవిడ సూచనలు స్పష్టంగా ఇచ్చింది. క్షయ మందులు ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు. జెల్ సొంతంగా పెంచకూడదు, ఈ కోర్సు అయ్యేదాకా రెండు కొలతలు, అంతకు మించి వద్దు. ఆవిర్లు పూర్తిగా పోకపోయినా ఓర్చుకునేంతకు తగ్గుతాయి, రాత్రి పూట వేసుకోవడానికి హార్మోను లేని మాత్ర ఒకటి కలిపింది. జెల్ చేతులకు కాకుండా తొడలకు రాసుకోవాలి, ఆరాకే బట్ట కప్పుకోవాలి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలకు గాని జంతువులకు గాని అంటకూడదు. పసిపిల్లలున్న ఇల్లయితే ఇదే సంగతి ఏడుపయ్యేదని ఆవిడ అన్న మాటకు నా నవ్వు చప్పున ఆగింది. ముఖ్యమైనది ఇంకోటి చెప్పింది. ఎర్ర క్యాప్సూల్ ఆపేసిన రెండు మూడు వారాలకు ఆ పనోళ్లు తగ్గిపోతారు, అప్పుడు జెల్ తిరిగి ఒక కొలతకు దించాలి, మరిచిపోతే మందు ఎక్కువైపోతుంది.

సుకురమ్మ మిగతా రెండు మోతాదులూ వేసుకుంది. కళ్లె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. సంత సంతకూ వారపు పట్టీ కోసం వచ్చేది. రెండో సంతకే ఆమె విస్తరి తేవడం మానేసింది, నిద్ర పడుతోందంది. అయితే పందెం చాలించి నా మాట నమ్మొచ్చు కదా అన్నాను.

“నా ఒల్లు మాట ఏరు, పందెం మాట ఏరు మేడమ్మా” అంది.

దాంతో ఆసుపత్రి మొత్తానికి మునసబు ఆరోగ్యమే పని అయిపోయింది. గురువారం వస్తే నర్సులు, ల్యాబు టెక్నీషియను, ఆఖరికి మా సారు కూడా ఏదో పని ఉన్నట్టు నా కిటికీ దగ్గర తచ్చాడేవారు. మొదటి సంతకు మార్పు లేదు. రెండో సంతకు జుట్టులో నెత్తురు చాయ వచ్చిందట. మూడో సంతకు పక్కింటి పుంజును ఒకసారి చూసి తల తిప్పుకున్నాడట. నాలుగో సంతకు తల తిప్పుకోలేదట. ఐదో సంతకు పొద్దున్నే దిబ్బ ఎక్కి మెడ సాచి నోరు తెరిచాడు గాని, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఏదో చప్పుడు వచ్చి ఆగిపోయిందని బలరాం చెప్పాడు. అది కూత కింద లెక్కకు రాదని సుకురమ్మ తీర్పు. నాకు పైకి నవ్వుగా ఉన్నా లోపల బెంగ పట్టుకుంది. ఒక మనిషి ప్రాణాన్ని కోడి గొంతుకు వేలాడదీశానేమోనని ఆ వారం సరిగ్గా నిద్రపోలేదు.

ఆరో సంత రోజునే జిల్లా నుంచి క్షయ విభాగం అధికారి తనిఖీకి వచ్చారు. హోదాలో మా సారుకు రెండు మెట్లు పైన, మాట తక్కువ. నా కార్డులు ఒక్కొక్కటే తీసి చూస్తూ సుకురమ్మ కార్డు దగ్గర ఆగారు. కళ్లె పరీక్ష జవాబు రాని వాళ్లకు ఫలితం రావలసి ఉంది అని రాయడం మాకు అలవాటు. ఆ అలవాటులో, పందెం మర్చిపోకుండా, వివరాల గడిలో నేను పెన్సిలుతో ఒక మాట రాసుకున్నాను. ఆయన దాన్ని పైకి చదివారు.

“పుంజు ఫలితం రావలసి ఉంది. పుంజు అంటే ఏమిటి మేడం, కొత్త పరీక్షా?”

మా సారు కిటికీలోంచి కొండల్ని చూడడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిస్తే నవ్వు వచ్చేలా ఉంది, మూస్తే ఉద్యోగం పోయేలా ఉంది. భుజాలు ఊగుతున్నాయి. తనిఖీలో నవ్విన ఫార్మసిస్టుగా రికార్డుకెక్కుతానని ఖాయం చేసుకున్నాను. సరిగ్గా అప్పుడు ఓపీ వరండాలోంచి, పందెం తేల్చడానికి బలరాం మోసుకొచ్చిన వెదురు బుట్టలోంచి, మూడు కొండలకు వినబడేలా మునసబు కూశాడు.

ఒక్కసారి కాదు. బుట్ట మూత తీశాక మళ్లీ, బలరాం భుజం మీదికెక్కి మళ్లీ. వరండాలో ఉన్న రోగులంతా లేచి నిలబడ్డారు. నర్సు చేతిలో ట్రే వదిలేసి చప్పట్లు కొట్టింది. అధికారి నా వైపు, కార్డు వైపు, వరండా వైపు చూసి, ఇంక నా వల్ల కాదని నేను బల్ల మీద తల పెట్టి నవ్వుతుంటే, తన పెన్ను నా ముందు పెట్టారు. ఫలితం వచ్చినట్టేనా మేడం, అయితే తేదీ వేయండి అన్నారు. అందరి నవ్వూ దాటుకుని సుకురమ్మ కిటికీ దగ్గరకొచ్చింది. నేను పేరు పిలవకముందే అరచెయ్యి చాచింది. ఎర్ర క్యాప్సూల్ అందులో పెడుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, దాచుకోలేదు.

మార్చిలో ఆమె పెట్టె ఖాళీ అయింది. ఆఖరి కళ్లె పరీక్షల్లో క్రిములు లేవు. కార్డు మీద నయమైంది అని రాసి మూసేశాను. మూడు వారాలాగి, డాక్టరమ్మ చెప్పినట్టు జెల్ ఒక కొలతకు దించాం. ఆవిర్లు మళ్లీ రాలేదు. మునసబుకు పీకిన చోట ఈసారి సూదిగా మెరిసే ఈకలే వచ్చాయి. వాడు తిరిగి బరిలోకి దిగాడా లేదా అన్నది ప్రభుత్వ ఉద్యోగిగా నాకు తెలియదు.

అదే వారం నా దగ్గరున్న కార్డులన్నిటి మీదా స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఒక గీత గీశాను. ఒంటికి పూసేవి, చుక్కలు వేసేవి, లోపల పెట్టుకునేవి అని దాని పక్కన రాశాను. తర్వాత మూర్ఛ మందులు మొదలుపెట్టిన వాళ్ల దగ్గర కూడా ఇదే జెల్ విషయంలో ఆ గీత పనికొచ్చింది, అవి కూడా కాలేయంలో పనోళ్లను పెంచే రకమే. రిటైరయ్యేదాకా ఏ రోగినీ ఏం మింగుతున్నావని అడగలేదు, ఏ మందు ఏ దారిన వాడుతున్నావని అడిగాను. ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. మందు పనిచేయడం లేదని రోగి అంటే ముందు నమ్మాలి. అదే మందు ఇంకొకరికి పనిచేస్తుంటే, ఆ ఇద్దరికీ తేడా ఎక్కడుందో వెతకాలి. ఆ ఇద్దరిలో ఒకరు పుంజైనా సరే.